భూపతిగారి రూటరు

రాజ్యం ఎప్పుడో పోయినా భూపతిగారికి అనుమానం మాత్రం పోలేదు. పక్కింటివాళ్లు తన ఇంటర్నెట్ దొంగచాటుగా వాడేస్తారని రూటరును ఓ గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవారు.

ఒకరోజు పొద్దున్నే నెట్ రాలేదు. రూటరును ఆపి, మళ్లీ వేశారు. ఎర్రలైటు ఎర్రగానే ఉంది. ఇక ఇంట్లో అందరి మొహాలూ పరీక్షగా చూసుకుంటూ వచ్చి, వంటమనిషి నూకాలమ్మ దగ్గర ఆగారు.

"నిన్న ఆ గది ముందే కూర్చుని చిక్కుళ్లు ఒలిచావు. ఎందుకట?"

"అక్కడ గాలి బాగా తగుల్తుంది బాబుగారూ."

"గాలా! ఇది చెడగొట్టిందెవరో తేలనీ, వాళ్లకి ఈ వంటింట్లో కాఫీచుక్క కూడా పుట్టదు!"

"ఎవరైనా సరేనా బాబుగారూ?"

"ఎవరైనా సరే! నా మాటంటే మాటే!"

"మరి ఆ తాళంచెవి అమ్మగారికేమైనా ఇచ్చారా?"

"ఇంకా నయం! పుట్టింటివాళ్లందరికీ పాస్‌వర్డ్ చెప్పేస్తుంది."

"పోనీ, మీరు నిద్రపోయాక ఎవరైనా తీసుకున్నారేమో?"

"తీసుకుంటే మాత్రం ఏం లాభం? పడుకునే ముందు నెట్ వైరు నేనే పీకేస్తాగా!" అని, అంతలోనే చటుక్కున గదివైపు తిరిగారు భూపతిగారు.

గదిలోకి పరుగెత్తారు. రూటరు వెనక, రాత్రి తాను పీకిన వైరు అలాగే వేలాడుతోంది. గుచ్చగానే పచ్చలైటు వెలిగింది.

ఏమీ జరగనట్టు బయటికొచ్చి, "కాఫీ ఏదీ?" అన్నారు.

నూకాలమ్మ పొగలు కక్కుతున్న గ్లాసు తెచ్చి, ఆయన్ని దాటుకుని వెళ్లి అమ్మగారి చేతికిచ్చింది.

"మాటంటే మాటేనన్నారుగా బాబుగారూ!"