చుక్కమ్మ కోసం ఏడ్చిన ఇరవై రోజులు

నేరేడులంకలో తెలివిగలవాళ్ళ ఇల్లు ఏదని అడిగితే ఊరివాళ్ళు తలో వైపు చూపిస్తారు. తాతబ్బాయిని అడిగితే మాత్రం తన ఇల్లే చూపిస్తాడు. అతని తల్లి సూరమ్మ కూడా ఆ ఇల్లే చూపిస్తుంది. అతని పెళ్ళాం పాపాయమ్మ అయితే చూపించి ఊరుకోదు, అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టి కారణం కూడా చెబుతుంది.

"మా ఇంట్లో చెప్పింది చెప్పినట్టు చేస్తామండీ. ఒక మాట ఎక్కువ లేదు, ఒక మాట తక్కువ లేదు. ఊళ్ళో జనం అన్నీ సొంత బుర్రతో చేస్తారు. అందుకే తప్పులొస్తాయి."

నిజమే. ఒకసారి సూరమ్మ "పొయ్యి మీద పాలు చూస్తూ ఉండవే" అని చెప్పి బయటికెళ్ళింది. పాపాయమ్మ చూసింది. పాలు పొంగడం చూసింది, గిన్నె అడుగంటడం చూసింది, పొయ్యి ఆరడం చూసింది. అత్తగారు వచ్చేదాకా రెప్ప వాల్చలేదు. "ఇంత శ్రద్ధగా చూసే కోడలు ఏ ఇంట్లో ఉంది చెప్పు!" అని సూరమ్మ మురిసిపోయింది.

ఆ ఇంట్లో చుక్కమ్మ అని ఒక కోడి ఉండేది. నల్లటి ఒళ్ళు, దాని నిండా తెల్ల చుక్కలు. పాపాయమ్మకి అదంటే ప్రాణం. కొత్త కోడలిగా వచ్చిన రోజున బిక్కుబిక్కుమంటూ పెరట్లో నిలబడితే, ఆ ఇంట్లో ఆవిడని మొదట పలకరించింది ఆ కోడే. అప్పటినుంచీ అన్నంలో తొలి ముద్ద దానిదే.

పక్కింటి బంగారమ్మకి కోళ్ళ సంగతి బాగా తెలుసు. చుక్కమ్మ పొదుగుకొచ్చిందని కనిపెట్టి, వీళ్ళని నమ్ముకుంటే గుడ్లన్నీ మురిగిపోతాయని, ఒక సాయంత్రం తనే వచ్చి వసారా మూల గడ్డి పరిచింది. పదకొండు గుడ్లు పెట్టి, వాటి మీద చుక్కమ్మని కూర్చోబెట్టి, గంప బోర్లించింది. ఆవిడ చెల్లెలికి కాలు విరిగిందని కబురొచ్చింది, అవతల బస్సుకి వేళవుతోంది. పొలం నుంచి అప్పుడే వచ్చిన ముగ్గురినీ గుమ్మంలో నిలబెట్టి గబగబా చెప్పింది.

"వసారాలో గంప బోర్లించాను. నేనొచ్చి చెప్పేదాకా ఎవరూ ఎత్తకండి. రోజూ గంప సందు దగ్గర గుప్పెడు నూకలు, చిప్పలో నీళ్ళు పెట్టండి. మర్చిపోకే అమ్మాయ్!"

గంప కింద కోడి ఉందని మాత్రం ఆవిడ చెప్పలేదు. బోర్లించిన గంప కింద కోడి ఉంటుందని మనిషన్నవాడికి వేరే చెప్పాలా? ఆ ఇంట్లోవాళ్ళకి చెప్పాలి.

అంతే. తెల్లారేసరికి చుక్కమ్మ కనబడలేదు.

పాపాయమ్మ పెరడంతా వెతికింది. గడ్డివాము కింద చూసింది, పైన చూసింది, రోట్లో చూసింది. తాతబ్బాయి నూతిలోకి తొంగిచూసి "చుక్కమ్మా!" అని కేకేశాడు. సూరమ్మ పప్పు డబ్బా మూత కూడా తీసి చూసింది. ఇల్లంతా అయిపోయాక ముగ్గురూ గంప దగ్గరికొచ్చి ఆగారు.

"ఇదొక్కటే చూళ్ళేదు," అంది పాపాయమ్మ ఆశగా.

"ఎత్తొద్దంది కదే బంగారమ్మ పిన్ని," అన్నాడు తాతబ్బాయి.

"అవును, ఎత్తొద్దంది," అంది సూరమ్మ.

ఇంకేముంది, చుక్కమ్మ పోయిందని తేలిపోయింది. పాపాయమ్మ గంప పక్కనే కూలబడి, "నన్నొదిలి ఎలా పోయావే నా తల్లీ!" అని గుండెలు బాదుకుంది. గంపలోంచి "కొక్" అని వినబడింది.

"విన్నావా అత్తా? గంప కూడా ఏడుస్తోంది!"

"ఏడవదూ మరి! ఎన్ని రాత్రుళ్ళు కడుపులో పెట్టుకుని కాపాడింది దాన్ని," అంది సూరమ్మ కళ్ళొత్తుకుంటూ.

తాతబ్బాయి తిన్నగా వెళ్ళి మీసం తీయించుకున్నాడు. "ఎవరు పోయారు బాబూ?" అని మంగలి అడిగితే, "మా చుక్కమ్మ" అని బావురుమన్నాడు. అంతే, మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. ఈ ఇంట్లో చుక్కమ్మ ఎవరో ఎవరికీ అంతుబట్టలేదు గానీ, మీసం తీయించుకున్నాడంటే బాగా దగ్గరి మనిషే అయ్యుంటుందని పరామర్శకి వచ్చారు. పెద్దాయన రాఘవయ్య తాత పాపాయమ్మ ఏడుపు చూడలేకపోయాడు.

"ఊరుకో తల్లీ. ఆవిడ లేని లోటు మీలో మీరే తీర్చుకోవాలి. ఆవిడ చేసే పనులు తలా ఒకటి పంచుకోండి. పదకొండో రోజున ఆవిడకి ఇష్టమైనవన్నీ చేసి పదిమందికి పెట్టు. మనసు కుదుటపడుతుంది."

పెద్దాయన చెప్పాక ఆలోచించేదేముంది? మర్నాటినుంచీ తాతబ్బాయి పొద్దున్నే లేచి పెంటకుప్ప గీరడం మొదలుపెట్టాడు. కాళ్ళతోనే గీరేవాడు. పాపాయమ్మ పొద్దుగూకే వేళకి పెరటి గోడెక్కి కూర్చునేది. గుడ్లు పెట్టే పని మాత్రం సూరమ్మ తీసుకుంది. మూడు రోజులు గడ్డిలో కదలకుండా కూర్చుంది. నాలుగో రోజు మోకాళ్ళు పట్టుకుని లేచి, "వయసైపోయిందే అమ్మాయ్, ఇక నావల్ల కాదు," అని ఒప్పేసుకుంది.

ఇన్ని పనుల్లోనూ గంపకి నూకలు పెట్టడం మాత్రం మానలేదు. గంప శుభ్రంగా తినేది. ఒకరోజు పాపాయమ్మ కళ్ళారా చూసింది. సందులోంచి పచ్చటి ముక్కు ఒకటి బయటికొచ్చి, గింజ ఏరుకుని లోపలికెళ్ళింది.

"ఏమయ్యో, మన గంపకి ముక్కుంది!"

"ఉంటుంది. లేకపోతే ఎలా తింటుంది?" అన్నాడు తాతబ్బాయి.

పాపాయమ్మకి ఒళ్ళు మండింది. తనకా ముద్ద దిగడం లేదు, ఈ గంప చూస్తే పూటపూటా చిప్ప ఖాళీ చేస్తోంది. "నీకు ఆవిడంటే ప్రేముందా అసలు?" అని నిలదీసింది. గంప "కొక్కొక్" అంది. ఆ గొంతు అచ్చం చుక్కమ్మ గొంతులాగే ఉంది. పాపాయమ్మ కోపమంతా కరిగిపోయి, గంపని వాటేసుకుని మళ్ళీ ఏడ్చింది. ఆ రోజునుంచీ తన తొలి ముద్ద కూడా గంపకే పెట్టింది.

పదకొండో రోజు వచ్చింది. జనం ఉతికిన బట్టలు కట్టుకుని భోజనానికి వచ్చారు. రాఘవయ్య తాత ముందు వరసలో కూర్చున్నాడు. విస్తళ్ళు లేవు. వాకిలి మాత్రం అద్దంలా అలికి ఉంది. పాపాయమ్మ చేట పట్టుకొచ్చి, "బా బా బా!" అంటూ వాకిలంతా నూకలు జల్లింది. వెనకే సూరమ్మ ఆకులో చెదలు పట్టుకొచ్చి, "ఇవి పెద్దవాళ్ళకి, మెత్తగా ఉంటాయి," అని తాత ముందు గుమ్మరించింది.

"మొహమాటపడకండి," అన్నాడు తాతబ్బాయి. "కావాలంటే కాళ్ళతో గీరుకుని తినండి. ఆవిడ అలాగే తినేది."

"ఏంట్రా ఇది? చుక్కమ్మంటే ఎవర్రా?" అని తాత లేచి నిలబడ్డాడు.

"మా కోడండీ!"

అంతే, చేతికందిన చెప్పులేసుకుని అందరూ తిట్టుకుంటూ పోయారు. పాపాయమ్మకి దుఃఖం రెట్టింపయింది. ఇంత ప్రేమగా పెడితే ఒక్కరూ గింజ ముట్టలేదు. వాకిట్లో ఒంటరిగా కూర్చుని, జల్లిన నూకలన్నీ ఏరి, తీసుకెళ్ళి గంపకే పెట్టింది. గంప ఒక్కటీ మిగల్చకుండా తినేసింది. ఈ లోకంలో తన బాధ తెలిసింది ఆ గంపకొక్కదానికే అనుకుంది.

ఇరవయ్యొకటో రోజు పొద్దున్న బంగారమ్మ బస్సు దిగి తిన్నగా వచ్చింది. వసారాలో తాతబ్బాయి సగం మొలిచిన మీసంతో ఉన్నాడు, ముగ్గురి కళ్ళూ వాచి ఉన్నాయి.

"ఏమైందర్రా?"

"చుక్కమ్మ పోయింది పిన్నీ!" అని పాపాయమ్మ ఆవిడ మీద పడి భోరుమంది.

బంగారమ్మ వెళ్ళి గంప ఎత్తింది. చుక్కమ్మ రెక్కలు దులుపుకుంటూ లేచింది. దాని కిందనుంచి తొమ్మిది పిల్లలు కిచకిచమంటూ వసారాలోకి పరిగెత్తాయి.

పాపాయమ్మ చుక్కమ్మని గుండెకి హత్తుకుని అక్కడే కూర్చుండిపోయింది. ఆవిడ కన్నీళ్ళకి కోడి మెడ తడిసింది. అదేమో ఎప్పటిలాగే ఆవిడ జాకెట్టు గుండీ పొడుస్తోంది. ఆ పొడుపుతో పాపాయమ్మకి ప్రాణం లేచొచ్చింది.

బంగారమ్మ తల పట్టుకుంది. తర్వాత ముగ్గురికీ వేలు చూపిస్తూ నింపాదిగా చెప్పింది. "ఇదిగో, బాగా వినండి. ఇక మీదట ఎవరు కనబడకపోయినా ముందు గంప ఎత్తి చూడండి. దాని కింద కూడా లేకపోతే, అప్పుడు ఏడవండి."

"అలాగే పిన్నీ!" అన్నారు ముగ్గురూ. ఎంత తేలిక!

నాలుగు రోజులు హాయిగా గడిచాయి. ఐదో రోజు తెల్లవారుజామున సూరమ్మ ఎవరికీ చెప్పకుండా సంతకి వెళ్ళింది. పొద్దెక్కినా అత్తగారు కనబడకపోయేసరికి పాపాయమ్మ పరిగెత్తుకెళ్ళి గంప ఎత్తింది. చుక్కమ్మ ఉంది, తొమ్మిది పిల్లలూ ఉన్నాయి. అత్తగారు లేదు.

ఇంకేముంది, మొగుడూ పెళ్ళాం వాకిట్లో కూర్చుని గొల్లుమన్నారు. అప్పుడే మొలుస్తున్న మీసం తాతబ్బాయి మళ్ళీ తీయించుకున్నాడు.

మధ్యాహ్నానికి సూరమ్మ వంకాయల బుట్టతో వచ్చింది.

"అయ్యో, ఎవరు పోయారే అమ్మాయ్?"

"నువ్వే అత్తా! గంప కింద కూడా లేవు!"

సూరమ్మ బుట్ట దింపి, వసారాలోకి వెళ్ళి, గంప ఎత్తి, వంగి నాలుగు మూలలా చూసింది. తను ఎక్కడా లేదు.

"నిజమేనే," అని కోడలి పక్కన చతికిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ముగ్గురూ కలిసి చాలాసేపు ఏడ్చారు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక సూరమ్మ ముక్కు చీదింది.

"సర్లే, మళ్ళీ నలుగురిచేతా మాట పడొద్దు. పదకొండో రోజుకి పూర్ణం బూరెలు చెయ్యి. పాపం, ఆవిడకి నెయ్యి కాస్త ఎక్కువ ఉండాలి."