తిరపమ్మ దించిన తట్ట

కూటం వల్ల ఏం ఒరిగిందని మూతి విరుస్తున్నావే, నిన్నే. పెద్దను ఎన్నుకుని ఇంటికిపోయి పడుకున్నది నువ్వు కాదూ? ముందు ఈ కథ విను. తర్వాత విరుద్దువు గాని.

మన తాతల తాతలు పుట్టకముందు, నల్లకొండ కింద రాయి కొట్టుకుని బతికే జనం ఉండేవాళ్లు. వాళ్లకొక కూటం, కూటానికొక కట్టుబాటు. పైరాయి పడుతుందని ఎవరికి భయం తోచినా చేతిలోది కింద పెట్టొచ్చు. ఒకరు దించితే అందరూ దించాలి. అప్పుడు పెద్ద ఆ రాయి కిందికి పోయి, సమ్మెటతో కొట్టి చూసి, భయం లేదని చెయ్యెత్తాలి. అప్పుడే మళ్లీ పని.

ఆ కట్టుబాటు కోసం ముందువాళ్లు పస్తులున్నారు, దెబ్బలు తిన్నారు, చచ్చారు. వెనకవాళ్లకు అది ఊరికే దొరికింది.

ఓబులేసు కూటానికి పెద్ద అయ్యాక, కొండను గుత్తకు పట్టిన గుత్తదారు అతనికి తన పందిట్లో పీట వేశాడు. మొదట పీట మీద కూర్చున్నాడు. తర్వాత అక్కడే తిన్నాడు. తర్వాత సమ్మెట పట్టడమే మానేశాడు.

తిరపమ్మ రాళ్లు మోసే ముసలిది. కూతురు సుంకి కడుపుతో ఉండి, ముందుకు పొడుచుకొచ్చిన పెద్దరాయి కింద కంకర కొడుతుండేది. ఆ రాయికి చీలిక పడింది. అందరూ చూశారు. అందరూ తల దించుకున్నారు. తిరపమ్మ పందిరి దగ్గరికి పోయి చెప్పింది. మాట్లాడతాలే పొమ్మన్నాడు ఓబులేసు. చీలిక పెరిగింది. మళ్లీ పోయింది. గుత్తదారు తొందరలో ఉన్నాడు, ఓర్చుకో అన్నాడు ఓబులేసు. చీలిక చెయ్యి దూరేంత అయింది. మళ్లీ పోయింది.

“కూటానికి పెద్ద నువ్వా, నేనా?” అన్నాడు ఓబులేసు.

“నువ్వే అన్నా. అందుకే నీకాడికి వస్తి. లేకుంటే గుత్తదారు కాడికే పోయుందును గదా.”

ఓబులేసు ముఖం తిప్పుకున్నాడు.

తిరపమ్మ వచ్చి తట్ట దించింది. అందరూ దించారు. కొండంతా చప్పుడు ఆగింది. ఓబులేసు లేవలేదు. పీట మీద నుంచే చెయ్యెత్తాడు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్ద చెయ్యెత్తాడు కదా అనుకుని సమ్మెటలు పట్టారు. సుంకీ పట్టింది.

తిరపమ్మ తట్ట ముట్టలేదు. రాయి కిందికి పోయి, కూతుర్ని జుట్టు పట్టి ఈడ్చి బయటికి తోసింది. తాను బయటికి రాకముందే రాయి దిగింది. ఆమెతో పాటు చాలామంది పోయారు.

నేటికీ ఆ జనం కూటాన్ని వదల్లేదు. రోజూ పొద్దున్నే పెద్దే రాయి కింద నిలబడి మొదటి దెబ్బ కొట్టాలి. “తిరపమ్మా, చూసుకో” అని జనమంతా అన్నాకే చెయ్యెత్తాలి. పెద్ద రాకపోతే ఎవరూ తట్ట ముట్టరు.

ఓబులేసును ఎవరూ కొట్టలేదు. కూటం నుంచి వెలివేశారు, అంతే. మాట వినేవాళ్లు లేని పెద్ద గుత్తదారుకూ పనికిరాలేదు. పీట తీయించేశాడు. బతకడానికి ఓబులేసు తట్ట పట్టుకుని కొండకొచ్చాడు. సుంకి అతనికి చోటు చూపించింది, ఆ రాయి విరిగిపడిన చోటే. చచ్చేదాకా అక్కడే మోశాడు. పైనుంచి పెళ్ల రాలినప్పుడల్లా తట్ట దించేవాడు. అతనితో పాటు ఎవరూ దించేవాళ్లు కాదు.