వంద గరిటెల వేడి

మిట్టమధ్యాహ్నం సముద్రం ఒడ్డున చెప్పుల్లేకుండా నడిచారా ఎప్పుడైనా? ఇసుకలో అరికాళ్ళు చుర్రుమంటాయి. పరుగెత్తి నీళ్ళలో దూకితే చల్లగా, హాయిగా! ఎండ ఒకటే కదా, మరి ఈ తేడా ఎందుకు? చెప్పండి చూద్దాం!

తెలీదా? అయితే వినండి.

ఒకప్పుడు ఈ తేడా లేదు. సూర్యుడు పొద్దున్నే గరిటె పట్టుకొచ్చి అందరికీ వేడి వడ్డించేవాడు. మధ్యాహ్నానికల్లా ఇసుకైనా, నీళ్ళైనా సరిగ్గా పది మెట్ల వేడి ఎక్కాల్సిందే. అదీ ఆయన పంతం.

వీశెడు బరువున్న ఇసుక ఒక మెట్టు ఎక్కాలంటే ఒక్క గరిటె చాలు. వీశెడు నీళ్ళకు మాత్రం ఐదు గరిటెలు పోయాలి.

ఒకరోజు ఇసుక గయ్యిమంది. "సూర్యం మామా! నేనూ పది మెట్లే, ఈ సముద్రమూ పది మెట్లే. నాకంటే ఐదింతలు తాగిందే, ఆ మిగతాదంతా ఏమైంది? దాచేసింది! దొంగ!"

సూర్యుడికి నిజమేననిపించింది. "రేపటినుంచి సముద్రానికి ఒక్క గరిటె కూడా పొయ్యను!"

పాపం, సముద్రం అలలు ముడుచుకుని వెనక్కి జరిగింది. ఆ నీళ్ళలో పీతమ్మ పిల్లలు వెయ్యిమంది ఉన్నారు. వేడి లేకపోతే నీళ్ళు గడ్డకడతాయి, పిల్లలు బతకరు. పీతమ్మ డెక్కలెత్తి గట్టుమీదికి పరుగెత్తుకొచ్చింది.

"ఆగు మామా! విచారణ లేకుండానే శిక్షా?"

ఇసుక పకపకా నవ్వింది. "తిన్నగా నడవడం రాదుగానీ, వాదించడానికొచ్చింది!"

"నా నడక వంకర, లెక్క తిన్నన వదినా!" అంది పీతమ్మ. "రెండు కుండలు తెండి. ఒకదాంట్లో రెండు వీశెల ఇసుక, ఇంకోదాంట్లో రెండు వీశెల నీళ్ళు. రెండూ పది మెట్ల మీదే ఉన్నాయిగా? వీశెడు ఒక మెట్టెక్కడానికి తాగే గరిటెలే దాని ఆకలి. బరువు, ఆకలి, ఎక్కిన మెట్లు, మూడూ గుణించండి. ఇసుక ఆకలి ఒకటి. రెండొకట్లు రెండు, రెండు పదులు ఇరవై. నీళ్ళ ఆకలి ఐదు. రెండైదులు పది, పది పదులు వంద! మామా, నీ గరిటె గాలికివ్వు. పొద్దువాలాక ఆ వేడంతా తోడనీ. వందకి ఒక్కటి తగ్గినా నన్ను పులుసు పెట్టుకోండి!"

సాయంత్రం గాలి వచ్చి తోడింది. ఇరవై గరిటెలకే ఇసుక చల్లబడిపోయింది. నీళ్ళకుండ మాత్రం ఇంకా వేడిగానే ఉంది!

నలభై. అరవై. కొండ వెనక్కి దిగబోతున్న సూర్యుడు దిగడం మానేసి చూస్తున్నాడు. తొంభై ఎనిమిది... తొంభై తొమ్మిది...

గాలి కుండలోకి తొంగి చూసింది. గరిటె ముంచింది.

"వంద!"

అలలు ఎగిరి గంతేశాయి. "తాగింది వంద, తిరిగిచ్చింది వంద!" అని పీతమ్మ డెక్కలు టకటకలాడించింది. "ఏదీ దాచింది? ఎవరు దొంగ?"

సూర్యుడు సిగ్గుతో ఎర్రబడిపోయాడు. "ఎన్ని మెట్లు ఎక్కారో చూశానుగానీ, ఎంత వేడి పట్టిందో చూడలేదమ్మా. ఇక ఈ మెట్ల పంతం వద్దు. అందరిమీదా ఒకేలా కాస్తాను, ఎవరి ఆకలి వాళ్ళది!" అని గరిటె విసిరేశాడు.

అప్పటినుంచే పగలు ఇసుక చుర్రుమంటుంది, పొద్దువాలగానే చల్లారిపోతుంది. సముద్రం మాత్రం నింపాదిగా వేడెక్కి, నింపాదిగా చల్లారుతుంది.

రేపు మీరూ రెండు గ్లాసుల్లో ఒకే బరువు ఇసుక, నీళ్ళు పోసి ఎండలో పెట్టండి. ముట్టుకుని చూడండి. ఇకమీదట ఎవరినైనా దొంగ అంటే, పీతమ్మలా లేచి నిలబడి "ఏదీ, లెక్క చూపించు!" అని అడగండి.