నూకరత్నం టార్చిలైటు మీట

గోదావరి నడుమ ఇసుకలంక రేవులో, ఎవరైనా "ముట్టుకోకు" అన్న వస్తువును విప్పి చూస్తే తప్ప అన్నం సహించని నూకరత్నం అనే మహా మొండి మనిషి ఉండేది.

ఆమె భర్త ఏడుకొండలు ఇంజను పడవ నడిపేవాడు. చలికాలం పొద్దుటిపూట ఏటి మీద మంచు దిగేది. ఎంత మంచనుకున్నారు! కత్తితో కోసి మూట కట్టుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. ఆ మంచులో పడవకు రత్నం టార్చిలైటే దారి. రేవు కట్టుబాటు ఒకటుండేది. వెలుగు ఆరుతూ వెలుగుతూ ఉంటే 'రా' అని. ఆరకుండా నిలిచి ఉంటే 'ఆగు, ముందు ప్రమాదం' అని. ఇంజను మోతలో కేకలు వినపడవు మరి!

టార్చి మీట వెనక మూతలో ఉండేది. ఒకసారి నొక్కితే వెలిగేది, మళ్లీ నొక్కితే ఆరేది. మీట రాయిలా గట్టిది. 'రా, రా' అనేసరికి రత్నం బొటనవేలు గుమ్మడికాయంత వాచేది. ఒకరోజు ఆమె అరుగు మీద కూర్చుని వెనక మూత విప్పింది. ఆ మీట పీకేసి, పాత కాలింగ్ బెల్లు మీట బిగించింది. నీళ్లు పోకుండా సైకిలు ట్యూబు ముక్క చుట్టింది. ఇప్పుడు నొక్కితే వెలుగు, వదిలితే చీకటి.

రేవు పెద్ద సత్తిరాజు చూసి మండిపడ్డాడు.

"ఏమ్మా, కంపెనీవాళ్లకంటే నీకెక్కువ తెలుసా?"

"కంపెనీవాళ్లు మన రేవులో మంచులో ఎప్పుడైనా నిలబడ్డారా బాబాయ్?"

"చెడిపోతే?"

"బాగు చేస్తాను. టార్చీ నాదే, చెయ్యీ నాదే."

"ఎంత పొగరే నీకు!"

"ఉంది. దాచుకోను."

టార్చి అద్భుతంగా పనిచేసింది. ఆ వెలుగు చూసి అవతలి ఒడ్డున గేదెలు కూడా కన్ను గీటేవి!

ఒక పొద్దున ఆ పడవలో నేనూ ఎక్కాను. తుఫానులో తెడ్డు విరిగితే అరచేత్తో పడవ నడిపినవాణ్ణి, మొసలి ముక్కు పిండి క్షమాపణ చెప్పించినవాణ్ణి, ఆ మంచు చూసి నేనే నోరు మూసుకున్నాను. పడవ నిండా జనం. రత్నం 'రా' అంటోంది, మేము వస్తున్నాం. అంతలో ఎగువ నుంచి తెగి వచ్చిన వెదురు తెప్ప ఒకటి రేవుకు అడ్డం పడింది. చెక్కిన మొనలన్నీ మా వైపే. ఒడ్డున ఉన్న రత్నానికి కనపడింది, మాకు కనపడలేదు. ఆమె మీట నొక్కి పట్టింది. వెలుగు నిలిచింది. ఏడుకొండలు వేగం తగ్గించాడు.

సరిగ్గా అప్పుడే బురదలో రత్నం కాలు జారింది. వేలు మీట మీద నుంచి తప్పింది, మళ్లీ పడింది, మళ్లీ తప్పింది. వెలుగు ఆరుతూ వెలిగింది.

"రమ్మంటోంది!" అని ఏడుకొండలు వేగం పెంచాడు.

ఒడ్డున సత్తిరాజు నెత్తి కొట్టుకున్నాడు. "పాత మీటైతే ఒక్క నొక్కుతో నిలిచేది కదే!"

"తర్వాత తిడుదువుగాని, ముందు చెయ్యందించు బాబాయ్!" అంటూ రత్నం లేచింది. బురద చేతులు జారిపోతున్నాయి. టార్చి తోకను నోట్లో పెట్టుకుని, మీటను పళ్లతో కరిచి పట్టింది. వెలుగు కదలకుండా నిలిచింది. ఏడుకొండలు ఇంజను వెనక్కి తిప్పాడు. ఒక వెదురు మొన నా మీసాన్ని దువ్వి మరీ ఆగింది!

ఒడ్డుకు చేరాక సత్తిరాజు అన్నాడు: "ఇప్పుడైనా బుద్ధొచ్చిందా? పాత మీట పెట్టెయ్."

రత్నం పెదవి మీది నెత్తురు తుడుచుకుంది. "తప్పు నాదే బాబాయ్. 'రా' గురించే ఆలోచించాను, 'ఆగు' సంగతి మరిచాను. అయినా పాతది పెట్టను."

"నీ మొండితనం తగలెయ్య! అందరి ప్రాణాలూ పోయేవే!" అన్నాడు ఏడుకొండలు.

"అందుకే మావా, మళ్లీ విప్పుతున్నాను."

అక్కడే కూర్చుని, మీట పక్కన ఇత్తడి రేకుతో చిన్న కొక్కెం బిగించింది. మీట నొక్కి కొక్కెం తిప్పితే, చెయ్యి వదిలినా వెలుగు ఆరదు. తిప్పి, వెలుగుతున్న టార్చిని సత్తిరాజు చేతికే ఇచ్చింది.

"నీ కోపమంతా పెట్టి బురదలోకి విసురు బాబాయ్."

ఆయన పళ్లు కొరికి విసిరాడు. టార్చి పల్టీలు కొట్టి బురదలో కూరుకుపోయింది. వెలుగు మాత్రం రెప్ప వెయ్యలేదు.

వస్తువును మార్చేవాళ్లు కొత్తగా వచ్చే సుఖాన్నే కాదు, దానివల్ల చెడిపోయే పనిని కూడా ముందే చూసుకోవాలి; అది చూసుకున్నవాళ్లు ఎవరు వద్దన్నా వెనక్కి తగ్గనక్కర్లేదు.