చిలుక అడిగిన ఆఖరి ప్రశ్న

ఒక రాజ్యంలో అధికారులందరూ ఏదో ఒక విధంగా పని నెట్టుకొస్తూ ఉండేవారు. పాలన అంటే ఏమిటో మాత్రం వాళ్లలో ఎవరికీ తెలియదు.

ఆ సంగతి ఒక విందులో బయటపడింది. పొరుగు రాజు గారె తుంచుకుంటూ, పక్కనున్న పన్నుల అధికారిని సరదాగా, "రాజ్యం అంటే ఏమిటండీ?" అని అడిగాడు. ఆయన కాసేపు ఆలోచించి, "మాకు జీతం వచ్చే చోటండీ" అన్నాడు. పొరుగు రాజు పొలమారేలా నవ్వాడు. మన రాజు విందు ముగిసేదాకా ఇంకో గారె ముట్టుకోలేదు.

మర్నాడే చాటింపు వేశారు. అధికారులందరూ రాజనీతిశాస్త్రం, పాలనాశాస్త్రం చదవాలి. చదివినవాళ్లకు యోగ్యతాపత్రం ఇస్తారు. పత్రం ఉన్నవాళ్లకే రాజధానిలో పెద్ద కొలువు.

చిక్కల్లా గురువుల దగ్గర వచ్చింది. వాళ్లు రాజధాని వదిలి రామన్నారు. అధికారులేమో ఊళ్లు వదిలి రాలేమన్నారు. మంత్రి తెలివైనవాడు. గురువుల పాఠాలన్నీ చిలుకలకు నేర్పించి, అధికారికి ఒక చిలుక చొప్పున పంజరాల్లో పెట్టి పంపించాడు.

పంజరం మీది గుడ్డ తీస్తే చిలుక పాఠం మొదలుపెడుతుంది. కప్పితే ఆపుతుంది. ఎన్నాళ్లకు తీసినా ఆపిన చోటి నుంచే అందుకుంటుంది. మళ్లీ చెప్పమంటే చెబుతుంది, విసుక్కోదు, బెత్తం పట్టదు. అన్నీ అయ్యాక ప్రశ్నలు అడిగి, జవాబులన్నీ సరిపోతే పంజరం అడుగునున్న పెట్టెలోంచి, జోస్యం చిలుక చీటీ లాగినట్టు, ముక్కుతో యోగ్యతాపత్రం లాగి ఇస్తుంది.

గడువు మాత్రం లేదు. "తొందరేం లేదు. మీ వీలును బట్టి చదువుకోండి" అని ప్రతి పాఠం చివరా చిలుకే చెప్పేది. ఇంతకంటే మంచి గురువు ఎక్కడ దొరుకుతాడు? అధికారులు ఎంతో సంతోషించారు. చాలామంది గుడ్డ తీయనేలేదు.

కాలవ అధికారి తీశాడు.

ఆయన మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కాసేపట్లో మీకు ఆయన మీద కోపం రాబోతోంది. రోజూ పొద్దున్నే కాలవగట్టు మీద నిలబడి, నీళ్ల వైపు ఒకసారి, ఆకాశం వైపు ఒకసారి చూసి, "పై తూము కాస్త దించు, కింది తూము ఎత్తు" అని కాలవ మీద పనిచేసే లస్కరుకు చెప్పేవాడు. లస్కరు తూము తలుపులు తిప్పేవాడు. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. అడిగితే ఆయన చెప్పగలిగేవాడూ కాదు. నీళ్లు మాత్రం కాలవ చిట్టచివరనున్న శివారు పొలాల దాకా వెళ్లేవి.

మొదటి పాఠం ఆయనకు బాగా నచ్చింది. రెండో పాఠంలో చిలుక, "సిద్ధాంతం తెలియకుండా నిర్ణయం తీసుకోవడం, దారి తెలియకుండా బండి తోలడమే" అంది. కాలవ అధికారి ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్లుగా తాను చేసిందంతా అదే కదా!

"నీటి పంపకం ఏ పాఠంలో ఉంది?" అని అడిగాడు.

"తొమ్మిదో పాఠం" అంది చిలుక.

"అదే ముందు చెప్పు."

"ముందు మూడో పాఠం పూర్తి చేయండి" అంది చిలుక. ఎంత బతిమాలినా అదే మాట.

ఆయన లస్కరును పిలిచి, "నాకు అర్హత వచ్చేదాకా తూములు ఎలా ఉన్నవి అలాగే ఉండనీ. తెలిసీ తెలియకుండా ముట్టుకోవద్దు" అన్నాడు.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు లస్కరు. బయటికొచ్చాక బుర్ర గోక్కున్నాడు.

చదవేస్తే ఉన్న మతి పోయిందని మన పెద్దలు ఊరికే అనలేదు. తూములు కదలడం మానేశాయి. ఎగువ పొలాల్లో మోకాలి లోతు నీళ్లు నిలిచి కప్పలు కచేరీలు పెట్టుకున్నాయి. శివారులో నేల నెర్రెలిచ్చింది.

ఆ శివారులో ఒకామెకు చిన్న పొలం చెక్క ఉంది. ఆమెకున్న ఆస్తల్లా అదే. నారు పోసింది, నారు ఎదిగింది, నాట్లు ఊడ్చే అదునూ వచ్చేసింది. నేల తడిపి దమ్ము చేసుకుందామంటే పొలంలో చుక్క నీరు లేదు. అదును దాటితే నారు ముదిరి ఎండిపోతుంది. ఆ ఏటికి ఇక గింజ ఉండదు, ఇంట్లో పొయ్యి మీదికి ఎసరూ ఉండదు.

ఆమె అధికారి కచేరీకి వచ్చింది. గుమ్మంలో బంట్రోతు అడ్డుకున్నాడు.

"అయ్యగారు చదువుకుంటున్నారు. అయ్యాక రా."

"ఎప్పుడవుద్దండి?"

"దానికి గడువు లేదంట" అన్నాడు బంట్రోతు, అదేదో గొప్ప సదుపాయం అయినట్టు.

ఆమె చుట్టూ తిరిగి కిటికీ దగ్గరికి వచ్చింది. లోపల కాలవ అధికారి బాసింపట్టు వేసుకుని పాఠం వింటున్నాడు.

"అయ్యా, శివారుకి నీళ్లెప్పుడొత్తాయండీ?"

ఆయన చిరాకు పడలేదు. పంజరం మీద గుడ్డ కప్పి, ఎంతో మర్యాదగా, "అమ్మా, నేనిప్పుడు నాలుగో పాఠంలో ఉన్నాను. పౌరుల హక్కులు. చాలా బాగుంది. నీ సంగతి తొమ్మిదిలో వస్తుంది" అన్నాడు.

"అందాకా నా నారు ఆగదండి."

"నేను తొందరపడి తప్పు నిర్ణయం తీసుకుంటే నష్టపోయేది నువ్వే కదమ్మా!" అన్నాడు. మనసులో నిజంగా అలాగే అనుకున్నాడు కూడా. అబద్ధం చెప్పే అధికారితో అయినా వేగవచ్చు గానీ, ఇలాంటి నిజాయితీపరుడితో వేగలేం.

ఆమె రోజూ వచ్చేది. అదే కిటికీ, అదే ప్రశ్న. వచ్చేటప్పుడు పొలం గట్టు మీది జామచెట్టు నుంచి ఒక దోరకాయ తెచ్చి, కొరికి, ఊచల సందులోంచి చిలుకకు ఒక ముక్క పెట్టేది.

"దానికి రాజుగారు మంజూరు చేసిన శెనగలున్నాయి. ఇలాంటివి పెట్టకు" అన్నాడు అధికారి.

"పొద్దుగూకులూ మాట్లాడతానే ఉంటాది కదండి, గొంతెండిపోదా దానికి?" అంది ఆమె.

చిలుకకు శెనగలు పెట్టినవాళ్ల మీద లేని ప్రేమ జామకాయ పెట్టినామె మీద పుట్టింది. చిలుకల సంగతి తెలిసిందే. ప్రేమగా చూసినవాళ్ల మాట వాటికి ఇట్టే పట్టుబడుతుంది.

ఐదో పాఠానికి ముందు పాత పాఠాల పునశ్చరణ ఉంది. చిలుక కళ్లు మూసుకుని గంభీరంగా మొదలుపెట్టింది. "రాజ్యానికి నాలుగు అంగాలు. ఒకటి, ప్రజలు. రెండు, భూభాగం. మూడు, ప్రభుత్వం. నాలుగు, శివారుకి నీళ్లెప్పుడొత్తాయండీ."

"సార్వభౌమాధికారం!" అని అధికారి దిద్దాడు.

"శివారుకి నీళ్లెప్పుడొత్తాయండీ" అని చిలుక నొక్కి చెప్పింది. గుమ్మంలో బంట్రోతు నవ్వాపుకోలేక దగ్గు నటించాడు.

ఏడో పాఠం నాటికి కచేరీలో ఎవరు తుమ్మినా చిలుక అదే అడగడం మొదలుపెట్టింది. అధికారి గుడ్డ కప్పాడు, తీశాడు, బతిమాలాడు, కసిరాడు. లాభం లేకపోయింది.

ఒకనాడు ఆమె వచ్చి ఏమీ అడగలేదు. చేతిలో జామకాయ లేదు. పొలం నుంచి పీక్కొచ్చిన నారు కట్టను కిటికీ గట్టు మీద పెట్టి నిలబడింది. కొసలు ఎర్రబారిపోయాయి. వేళ్లకు అంటుకున్న మట్టి పొడిపొడిగా రాలుతోంది. ఆమె కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. కోపంగా అరిచిపోయినా బాగుండేది.

అధికారికి జాలేసింది. ఆ జాలికి ఆయన చేసిందేమిటంటే, మరింత వేగంగా చదివాడు. తిండి కూడా పక్కన పెట్టి ఎనిమిది పూర్తిచేసి, తొమ్మిదో పాఠం అందుకున్నాడు. చెవి పంజరానికి ఆనించాడు.

"నీటి పంపకానికి మూడు పద్ధతులున్నాయి" అంది చిలుక. "వీటిలో ఏది మేలో పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. తగిన నిర్ణయం అధికారి విచక్షణకు వదిలేయడమైనది. తొందరేం లేదు. మీ వీలును బట్టి చదువుకోండి."

అంతే. పాఠం అయిపోయింది.

ఆయన, విచక్షణ ఉందో లేదో పరీక్ష పాసైతే గానీ ఎలా తెలుస్తుందని తనకు తానే సర్దిచెప్పుకుని, "ప్రశ్నలు అడుగు" అన్నాడు.

చిలుక అడిగింది. ఆయన తడుముకోకుండా చెప్పాడు. హక్కు అంటే ఏమిటి, బాధ్యత అంటే ఏమిటి, అధికారానికీ అహంకారానికీ తేడా ఏమిటి. అన్నిటికీ చిలుక "ఒప్పు, ఒప్పు" అంటూనే ఉంది. చివరికి రెక్కలు విదిలించి, మెడ పక్కకు వాల్చి, ఆఖరి ప్రశ్న వేసింది.

"శివారుకి నీళ్లెప్పుడొత్తాయండీ?"

"ఇది పాఠాల్లో లేదు" అన్నాడు అధికారి.

"తప్పు" అంది చిలుక.

"నీటి పంపకానికి మూడు పద్ధతులున్నాయి..."

"తప్పు."

"విషయం పరిశీలనలో ఉంది."

"తప్పు."

"త్వరలోనే."

"తప్పు."

"పైవారికి నివేదించాం!" అని ఆయన అరిచాడు.

"తప్పు. తొందరేం లేదు. మీ వీలును బట్టి చెప్పండి" అంది చిలుక చల్లగా.

ఆయనకు ఒళ్లు మండింది. గుడ్డ విసిరి కొట్టబోయి, కిటికీ గట్టు మీద ఉన్న నారు కట్టను చూశాడు. దాన్ని ఎవరూ తీయలేదు. ఆమె పెట్టిపోయిన చోటే పూర్తిగా ఎండిపోయి ఉంది. అప్పుడు ఆయనకు సిగ్గేసింది. తొమ్మిది పాఠాలు చేయలేని పని ఆ గుప్పెడు గడ్డి చేసింది.

చెప్పులు కూడా వేసుకోకుండా కాలవగట్టు మీదికి పరిగెత్తాడు. నీళ్ల వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. "పై తూము దించు! కింది తూము ఎత్తు!" అని కేకేశాడు.

"ఎంతెత్తమంటారండి?" అన్నాడు లస్కరు.

"నాకూ తెలీదు. ఎత్తు, నీళ్ల వెంట నేనే వెళ్లి చూస్తాను."

నీళ్లు కదిలాయి. ఆయన వాటి వెంటే గట్టు మీద నడిచాడు. గుర్రపుడెక్క మొక్కలు అడ్డుపడ్డ చోట పంచె ఎగ్గట్టి కాలవలోకి దిగి, చేతులతో లాగి అవతల పారేశాడు. ఆయన్ని ఆ అవతారంలో చూసి ఎగువ రైతులు నోళ్లు తెరిచారు. నీళ్లు శివారు మలుపు తిరిగేదాకా చూసి, బురద కాళ్లతో కచేరీకి తిరిగొచ్చాడు.

"వెళ్లాయి" అన్నాడు రొప్పుతూ.

"తప్పు" అంది చిలుక.

ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. కానీ చిలుక తప్పేముంది? ఆ ప్రశ్న దానికి నేర్పింది ఒకామె. జవాబు కూడా ఆమె నోటి నుంచే రావాలి.

మర్నాడు ఆమె వచ్చింది. కాళ్లకు తడిమన్ను, చేతిలో జామకాయ.

"వచ్చాయండి" అంది. "సగం నారు బతికిందండి. సగం పోయింది."

"ఒప్పు" అంది చిలుక.

పెట్టె మూత తెరుచుకుంది. చిలుక ముక్కుతో యోగ్యతాపత్రం లాగి అధికారి చేతిలో పెట్టింది. బంగారు అంచు, రాజముద్ర, మధ్యలో పెద్ద అక్షరాలతో 'పాలన పూర్తిగా ఎరిగినవాడు' అని రాసి ఉంది. ఇక రాజధానికి బండి కట్టించుకోవడమే తరువాయి. అధికారి ఆ ముద్రను వేలితో నిమురుతూ ఉండిపోయాడు. ఆమె అన్న 'సగం పోయింది' అనే మాట మాత్రం ఆయన చెవుల్లోంచి పోవడం లేదు.

ఈలోగా కిటికీ బయట సందడి మొదలైంది. చిలుకతో చెప్పుకుంటే పనవుతుందన్న మాట ఊరంతా పాకిపోయింది. తలొక జామకాయ పట్టుకుని జనం వరస కట్టారు. వాళ్లలో ఒక్కరూ అధికారి వైపు చూడలేదు. ముందున్న ముసలాయన ఊచలకు నోరు ఆనించి, చిలుకకు చెముడేమో అన్నంత గట్టిగా, "మా పేట వంతెన పలక విరిగిందమ్మా! బళ్లోకెళ్లే పిల్లలు దూకి దాటుతున్నారమ్మా!" అని చెప్పుకుంటున్నాడు.

అధికారికి అది ఎక్కడో గుచ్చుకుంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"తాతా, చిలకతో ఎందుకు? నాతో చెప్పు."

ముసలాయన ఆయన్ని ఎగాదిగా చూశాడు. చేతిలో తళతళలాడుతున్న పత్రాన్నీ చూశాడు.

"తమరి చదువు అయిపోయిందాండి?"

అధికారి పత్రాన్ని మడిచి పెట్టెలో పడేసి, మూత వేశాడు.

"లేదు తాతా" అన్నాడు, చెప్పుల కోసం వెతుక్కుంటూ. "ఆ వంతెన ఎటువైపు?"