వెనకవారి మడుగుకు ఆ పేరు ఎలా వచ్చింది

ఈ చిన్న పుస్తకం అట్టమీద అమ్మవారి పేరుకంటే నా పేరు కాస్త పెద్దగా పడింది. నేనే అలా వేయించాను. బడిలో గురువు దగ్గర చదివినవాణ్ని కాను కనుక, తప్పులు దొర్లితే భక్తులు అమ్మవారిని కాక నన్నే పట్టుకోవాలన్న సదుద్దేశం తప్ప మరేమీ లేదు.

ఎర్రబోడు గుట్ట కింద నుంచి మడుగులమ్మ సన్నిధికి కాలిబాటన నాలుగు మైళ్లు. వైశాఖంలో ఆ రాళ్లమీద చెప్పులు కూడా కాలుతాయి. బాట చివర, బండల నడుమ, ఈత కొట్టేంత లోతున చల్లని నీళ్లు. ఇక్కడి ఆచారం ఒక్కటే. అందరికంటే చివర నడిచి వచ్చినవారు ముందు దిగాలి. అంతవరకు మిగతావారు గట్టున నిలబడాలి.

పూర్వం ఇక్కడికి బసవప్ప నాయుడనే పాళెగాడు ఏటా ఎండాకాలం ఈతకు వచ్చేవాడు. నడిచి కాదు, పల్లకిలో. తాను ఈది, ఒళ్లు ఆరి, భోంచేసి లేచేవరకు పల్లకి మోసిన బోయీలు నీళ్లు ముట్టరాదని ఆయన శాసనం. చెమట ఒకరిది, స్నానం ఇంకొకరిది. ఒక ఏడు గిడ్డయ్య అనే బోయీ మడుగు ఎదుటే వడదెబ్బకు కూలిపోయాడు. అతని అన్న మారెన్న దోసెడు నీళ్లకోసం దొర కాళ్లు పట్టుకున్నాడు. ముందు తన ఈత కానిమ్మని చెప్పి దొర మడుగులోకి దిగాడు.

దిగినచోటల్లా నీరు వెనక్కు పోయింది. ఆయన ఒక అడుగు వేస్తే అది రెండడుగులు తప్పుకుంది. చివరికి దొర బురదలో బోర్లాపడి ఈదుతున్నట్టు చేతులాడించాడు.

అది చూసి మారెన్న అన్నాడు: "దొరా, ఎండలో నడిచింది మేము. మీకెందుకు నీళ్లు?"

తమ్ముణ్ని భుజాన వేసుకుని మడుగువైపు నడిచాడు. నీరు ఎదురొచ్చి ఇద్దరినీ మెడదాకా తడిపింది. గిడ్డయ్య కళ్లు తెరిచి మొట్టమొదట అడిగిన మాట ఇది: "దొర స్నానమైందా అన్నా?"

"మనదైనాక అవుతుందిలే. నువ్వు తాగు."

ఇక్కడికొచ్చేసరికి ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. పోయిన ప్రాణం తిరిగొచ్చినవాడు అడగవలసిన మాటేనా అది? ఆ భయాన్ని అంత లోతుగా నాటినవాణ్ని ఏమనాలి? ఆ రోజు పల్లకి ఎవరూ ఎత్తలేదు. నాయుడు బురద ఒంటితో, వట్టికాళ్లతో గుట్ట దిగాడు. నాకైతే ఆ శిక్ష చాలదు.

ఆనాటినుంచే వెనకవారు ముందు దిగడం ఆచారమై, దీనికి వెనకవారి మడుగని పేరు పడింది. ఇప్పుడు గుట్ట వెనక జీపు దారి పడింది. జీపుల్లో వచ్చినవారు సరాసరి నీళ్లలోకి దూకుతున్నారు. ముసలమ్మలు ఆయాసపడుతూ ఎక్కి వచ్చేసరికి వారికి మిగిలేది మట్టినీళ్లు. నీరు వీళ్లనుంచి ఎందుకు తప్పుకోవడం లేదని నన్ను నిలదీసేవారున్నారు. అమ్మవారిని నేనూ అదే అడుగుతున్నాను.

వెనకవారిని ముందు దింపి తాము తరువాత మునిగినవారికి ఆ ఏడు వడదెబ్బ సోకదని, వారి ఇంట నీటికి కరువుండదని పెద్దల నమ్మకం. ఈ బాటన నేను పందొమ్మిదిసార్లు నడిచాను. ప్రతిసారీ ఎవరో ఒకరు చొక్కా పట్టుకుని నన్ను గట్టున ఆపవలసి వచ్చింది. నీళ్లు కనబడ్డాక వెనక్కి తిరిగి చూడడం నేనింకా నేర్చుకోలేదు.