వాగు మీద వెయ్యి వరహాల వంతెన

అనగనగా చిన్న వానకే పొంగిపోయే ఒక వాగు. వాగుకు ఇవతల జయకేతుడనే రాజుగారి కోట, అవతల ఏడు పల్లెలు. వానాకాలం వచ్చిందంటే ఆ పల్లెలవాళ్లకు సంత అందదు, వైద్యుడు అందడు. కిందటేడు పడవ బోల్తాపడి నలుగురు పోయారు.

రాజు మనసు కరిగింది. గౌరసాని అనే శిల్పిని పిలిపించి, "ఇవిగో వెయ్యి వరహాలు. వానలు పడేలోగా వంతెన కట్టు" అన్నాడు.

గౌరసాని అక్కడే కూర్చుని లెక్క వేసింది. "రాళ్లకు ఐదు వందలు, సున్నానికి రెండు వందలు, కూలికి రెండు వందలు. మిగతా నూరు, ఇప్పుడు కనబడని కష్టానికి."

"బాగుంది" అన్నాడు రాజు. పని మొదలైంది.

నెల తిరిగేసరికి రాజు వచ్చాడు. "రెండు చివర్లా రాతి ఏనుగులు నిలబెట్టు!"

"చిత్తం ప్రభూ. వాటికి రెండు వందలవుతుంది. సున్నం మానేస్తే రాళ్లు నిలవవు, కూలి మానేస్తే మనుషులు నిలవరు. ఏది మానమంటారు?"

రాజు నవ్వేసి వెళ్లిపోయాడు.

మరో నెలకు మళ్లీ వచ్చాడు. "రెండు రథాలు పక్కపక్కన పోయేంత వెడల్పు చెయ్యి!"

"అలాగే ప్రభూ. అప్పుడు ఈ రాయి సగం వాగు వరకే వస్తుంది. మిగతా సగం రథాలు ఈదాలి."

కూలీలు మూతికి కండువా అడ్డం పెట్టుకుని నవ్వారు. రాజు మీసం దువ్వుకుంటూ వెనుదిరిగాడు.

మూడోసారి మాత్రం గుడ్లురుముతూ వచ్చాడు. "నడుమ నాకొక మండపం కావాలి. ఆ నూరు వరహాలు ఊరికే పడి ఉన్నాయి కదా!"

గౌరసాని చేతులు జోడించింది.

"ఇమ్మంటే ఇస్తాను ప్రభూ. కానీ రేపు ఏ అవాంతరమో వస్తే పని ఆగిపోతుంది. వాన మాత్రం ఆగదు."

రాజుకు కిందటేడు బోల్తాపడిన పడవ గుర్తొచ్చింది. "సరే, ఉంచు" అన్నాడు.

వారం గడవకముందే చివరి స్తంభం కింద ఇసుక కుంగింది. గౌరసాని ఆ నూరు వరహాలూ పెట్టి, లోతుగా తవ్వించి, కొత్త పునాది వేయించింది. ఆఖరి రాయి పడిన మూడోనాడే ఆకాశానికి చిల్లుపడినట్టు వాన!

వాగు హోరెత్తుతుంటే అవతలి ఒడ్డు నుంచి నలుగురు ఒక మంచం మోసుకొచ్చారు. మంచం మీద నొప్పులు పడుతున్న ఇల్లాలు. వంతెన కదల్లేదు. వాళ్లు దాటేశారు. సాయంత్రానికి వైద్యుడి ఇంట్లో పసిబిడ్డ కేర్‌మంది.

కబురు విన్న రాజు వానలోనే వంతెన దగ్గరికి పరుగున వచ్చి, గౌరసానికి తన శాలువా కప్పాడు. "నేను పట్టుబట్టి ఉంటే ఆ బిడ్డ ఏమయ్యేదమ్మా!" అన్నాడు తడి కళ్లతో.

నీతి: చేతిలో ఉన్నదెంతో, చేయవలసిందేదో ముందే తేల్చుకుని, కొత్త కోరిక పుట్టినప్పుడల్లా బదులుగా ఏది వదులుకోవాలో అడిగినవారి పనే పూర్తవుతుంది.